ఫ్యాక్టరీలో తయారయ్యే ఇల్లు – మన ఊళ్ళో తీసుకోవలసిన అనుమతులు

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో మామూలుగా కరువు భత్యం, పెన్షన్ సవరణ, వైద్య ఖర్చుల రీయింబర్సుమెంటు, లైఫ్ సర్టిఫికెట్ గురించి మాట్లాడుకుంటాం. ఈసారి ఫ్యాక్టరీలో తయారై లారీ మీద వచ్చే ఇళ్ళ గురించీ, వాటికి కావలసిన అనుమతుల గురించీ నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం వారు ఆదేశించారు. ఇంజనీరింగ్ శాఖలో పనిచేసిన వాడిని గనుక ఒప్పుకున్నాను.

ఈ విషయం మనకెందుకు అని కొందరికి అనిపించవచ్చు. మనలో చాలామంది సర్వీసులో ఉండగా ఒక ప్లాటు కొని పెట్టుకున్నవాళ్ళమే. పిల్లలు బెంగళూరులోనో, విదేశాల్లోనో ఉంటారు. మేస్త్రీ చుట్టూ, ఇసుక చుట్టూ ఏడాది పాటు తిరిగే ఓపిక మనకు లేదు. అటువంటి సమయంలో రంగుల బ్రోషర్లు పట్టుకుని ఏజెంట్లు వస్తున్నారు. "నెల రోజుల్లో ఇల్లు, తాళం చెవి మీ చేతికి, పర్మిషన్ కూడా అక్కర్లేదు సార్" అంటున్నారు. మొదటి రెండు మాటలు నిజం కావచ్చు. మూడోది మాత్రం మన గ్రాట్యుటీ డబ్బునూ, కమ్యుటేషన్ డబ్బునూ ముంచేసే మాట. ఆ డబ్బు రెండోసారి రాదు. అందుకే ఆ ఒక్క మాటనే ఈరోజు పరిశీలిద్దాం.

కొత్త పద్ధతి కాదు

ముందుగా, ఈ ఇళ్ళంటే భయపడనక్కరలేదు. మన పడమటి మండలాల్లో పెద్దవాళ్ళు కట్టుకున్న బండల మిద్దెలు గుర్తు చేసుకోండి. రాతి కూసాలు, బండలు క్వారీ దగ్గరే కొలతకు కొట్టించి, బండ్ల మీద తెచ్చి, ఇంటి దగ్గర నిలబెట్టి పైన పరిచేవారు. తయారీ ఒకచోట, కూర్పు మరొకచోట. సూత్రం అదే.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో, కాందిశీకులకు త్వరగా ఇళ్ళు కావలసి వచ్చినప్పుడు, కేంద్ర ప్రభుత్వం ఢిల్లీలో ఇళ్ళ ఫ్యాక్టరీ ఒకటి పెట్టింది. దాని వెనుక ఉన్న వాస్తుశిల్పి ఆటో కోనిగ్స్‌బర్గర్ అంతకు ముందు మన పక్కనే మైసూరు సంస్థానంలో ప్రభుత్వ ఆర్కిటెక్టుగా పనిచేసిన జర్మన్ దేశస్థుడు. తొలి పలకలు బీటలు వారి ఆ ఇళ్ళ పథకం దెబ్బతిన్నది గానీ, ఆ సంస్థ తరువాత హిందుస్థాన్ ప్రీఫ్యాబ్ అనే పేరుతో ఇతర పనులు చేస్తూ కొనసాగింది. బ్రిటన్‌లో రెండో ప్రపంచ యుద్ధం చివర 1944లో మొదలుపెట్టిన పథకం కింద దాదాపు 1,56,000 తాత్కాలిక ఇళ్ళు ఇలాగే నిలబెట్టారు. పదేళ్ళ కోసం అనుకున్నవాటిలో కొన్ని అనేక దశాబ్దాలు నిలిచాయి.

ఇటీవలి సంగతి చెప్పాలంటే, మనకు దగ్గరలో చెన్నై పెరుంబాక్కంలో 1,152 ఇళ్ళు ప్రీకాస్ట్ కాంక్రీటు పద్ధతిలో కట్టి 2022 మే 26న ప్రారంభించారు. రాంచీలో గదికి గదే అచ్చుపోసి తెచ్చి పేర్చే పద్ధతిలో 1,008 ఇళ్ళు తలపెట్టారు. ఈ రెండూ 2021 జనవరి 1న ఆరు నగరాల్లో శంకుస్థాపన జరిగిన లైట్‌హౌస్ ప్రాజెక్టుల్లోనివి. కాబట్టి పద్ధతి పనికొచ్చేదే. మనం చూడవలసింది మనకు అమ్మేవాడు ఆ పద్ధతిని పాటిస్తున్నాడా, మన స్థలానికి అనుమతి ఉందా అన్నది.

ఎన్ని రకాలు

మార్కెట్లో ప్రధానంగా నాలుగు రకాలు కనిపిస్తాయి. మొదటిది ప్రీకాస్ట్ కాంక్రీటు పలకలు. రెండోది పలుచని ఉక్కు రేకును వంచి చేసిన చట్రానికి బోర్డులు బిగించేది. మూడోది గది మొత్తం ఫ్యాక్టరీలోనే తయారై వచ్చేది. దీన్నే మాడ్యులర్ ఇల్లు అంటారు. నాలుగోది ఓడల్లో సరుకు తెచ్చే కంటైనరును కోసి కిటికీలు పెట్టినది, లేదా సైటు ఆఫీసులకు వాడే పోర్టా క్యాబిన్. మన టిడ్కో ఇళ్ళకు వాడిన షియర్ వాల్ పద్ధతి వీటిలోకి రాదు. అక్కడ కాంక్రీటు స్థలంలోనే పోస్తారు.

"పర్మిషన్ అక్కర్లేదు" అన్న మాట

ఏజెంటు చెప్పే వాదన ఇలా ఉంటుంది: "ఇది ఇటుకలతో కట్టింది కాదు, బోల్టులు విప్పి తీసుకుపోవచ్చు. కాబట్టి బిల్డింగు కిందికి రాదు."

ఆంధ్రప్రదేశ్ మున్సిపాలిటీల చట్టం 1965 నాటిది. అందులో భవనం అన్న మాటకు ఇచ్చిన అర్థంలో ఇల్లే కాదు, షెడ్డు, గుడిసె కూడా ఉన్నాయి. ఇటుకతో గానీ, చెక్కతో గానీ, మట్టితో గానీ, లోహంతో గానీ, మరే వస్తువుతో గానీ కట్టినా భవనమే. నేషనల్ బిల్డింగ్ కోడ్ కూడా ఏ వస్తువుతో, ఏ పనికి నిర్మించినా భవనమే అంటుంది. దాని నుంచి మినహాయించింది శుభకార్యాల వంటి సందర్భాల్లో తాత్కాలికంగా వేసే డేరాలు, షామియానాలు, పందిళ్ళను మాత్రమే. అంటే పెళ్ళి పందిరికి మినహాయింపు ఉంది గానీ కాపురానికి లేదు.

"కింద చక్రాలు పెట్టిస్తే?" అని ఒక మిత్రుడు అడిగారు. చక్రాలున్నది బండి అనుకుంటే రవాణా శాఖవారు దాని రిజిస్ట్రేషన్, టాక్సు, ఇన్సూరెన్సు అడుగుతారు. ఒకచోట నిలిపి, కరెంటు, నీళ్ళు, సెప్టిక్ ట్యాంకు కలుపుకుని కాపురం పెడితే మున్సిపాలిటీ వారు ఇల్లు అంటారు. రెండు శాఖలకు జవాబు చెప్పుకోవడం కంటే ఒక శాఖ దగ్గర అనుమతి తీసుకోవడం సుఖం.

అమెరికాలో 1976 జూన్ 15 నుంచి ఫ్యాక్టరీలో పూర్తిగా తయారై వచ్చే ఒక తరహా ఇళ్ళకు దేశమంతటికీ ఒకే నిబంధనావళి ఉంది. ఫ్యాక్టరీలోనే తనిఖీ చేసి ప్రతి ఇంటికీ ఒక పట్టీ బిగిస్తారు. మాడ్యులర్ ఇళ్ళు మాత్రం అక్కడ కూడా ఆయా రాష్ట్రాల, ఊళ్ళ భవన నిబంధనలకే లోబడతాయి. మన దేశంలో అటువంటి ప్రత్యేక చట్టం లేదు. ఇల్లు ఎక్కడ తయారైనా మామూలు ఇంటికి వర్తించే నిబంధనలే దీనికీ వర్తిస్తాయి.

ఇక్కడ ఒక కాగితం గురించి హెచ్చరిస్తాను. కేంద్ర ప్రభుత్వం 1990లో నెలకొల్పిన బి.ఎం.టి.పి.సి. అనే సంస్థ కొత్త నిర్మాణ పద్ధతులను పరీక్షించి పనితీరు ధ్రువపత్రం ఇస్తుంది. అది మంచి కాగితమే, తప్పక అడగండి. కానీ అది ఆ పద్ధతికి ఇచ్చినది. మీ ప్లాటులో మీ ఇంటికి ఇచ్చిన అనుమతి కాదు. ఏజెంటు దాన్ని చూపించి "గవర్నమెంటు అప్రూవ్డు" అంటే నమ్మి సంతకం పెట్టకండి.

ఎవరి దగ్గర అనుమతి

మదనపల్లె, పుంగనూరు మున్సిపాలిటీలు. కుప్పం చాలాకాలం పంచాయతీగా ఉండి, మున్సిపాలిటీ అయిన తరువాత 2021 నవంబరులో మొదటిసారి మున్సిపల్ ఎన్నికలు జరుపుకున్నది. అందుచేత కుప్పం వాస్తవ్యులు పాత పంచాయతీ రోజుల పద్ధతిని మరిచిపోవాలి. ఈ పట్టణాల చుట్టుపక్కల కోసం 2019లో పలమనేరు–కుప్పం–మదనపల్లె పట్టణాభివృద్ధి సంస్థ ఏర్పడింది. మీ సర్వే నంబరు మున్సిపాలిటీలో ఉందా, పంచాయతీలో ఉందా, పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలోకి వస్తుందా అన్నది మొదట తేల్చుకోవాలి. పట్టణంలో ఉన్నవారు వార్డు సచివాలయంలో ప్లానింగ్ చూసే ఉద్యోగిని, పల్లెలో ఉన్నవారు పంచాయతీ కార్యదర్శిని అడిగితే తెలుస్తుంది.

పట్టణాలకు వర్తించేవి 2017 మార్చి 28న జి.ఓ. 119 ద్వారా వచ్చిన ఆంధ్రప్రదేశ్ భవన నిబంధనలు. తరువాత వీటికి సవరణలు వచ్చాయి. ప్లాటు విస్తీర్ణాన్ని బట్టి, రోడ్డు వెడల్పును బట్టి చుట్టూ ఎంత ఖాళీ వదలాలో, ఎంత ఎత్తు కట్టవచ్చో అవి చెబుతాయి. లైసెన్సు ఉన్న సాంకేతిక నిపుణుడు ప్లాను గీసి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెడతాడు. 2025లో ప్రభుత్వం స్వీయ ధ్రువీకరణ పద్ధతిని విస్తరించడంతో మామూలు ఇళ్ళకు పని సులభమైంది. కానీ సులభమైనది దరఖాస్తు మాత్రమే. ప్లానుకు విరుద్ధంగా కడితే బాధ్యత యజమాని మీదా, సంతకం పెట్టిన నిపుణుడి మీదా పడుతుంది.

పొలంలో తోట ఇల్లు పెట్టుకుందామనుకునే వారికి ఒక మాట. వ్యవసాయ భూమిని వ్యవసాయేతర అవసరాలకు మార్చే 2006 నాటి నాలా చట్టాన్ని రాష్ట్రం 2025లో రద్దు చేసింది. దాన్ని చూపించి "ఇక ఏ అనుమతీ వద్దు" అంటున్నారు. భూమి మార్పిడి తతంగం పోయిందే గానీ, ఇంటి ప్లానుకు అనుమతి, దానికి కట్టవలసిన రుసుములు పోలేదు.

కొలతల దగ్గర వచ్చే చిక్కు

ఇప్పుడు నేను చెప్పే లెక్క దయచేసి రాసుకోండి. మోటారు వాహనాల నిబంధనల ప్రకారం రోడ్డు మీద వాహనం వెడల్పు 2.6 మీటర్లు దాటకూడదు. సరుకు దానికి మించి ఉంటే ప్రత్యేక అనుమతి కావాలి. అందుకే చాలా మాడ్యూళ్ళు దాదాపు ఎనిమిదడుగుల వెడల్పుతోనే తయారవుతాయి. ఇటు నేషనల్ బిల్డింగ్ కోడ్ ఏం చెబుతుందంటే, నివాస గది ఎత్తు 2.75 మీటర్లకు, అంటే తొమ్మిది అడుగులకు, తగ్గకూడదు. ఇంట్లో ఒకే నివాస గది ఉంటే దాని వైశాల్యం 9.5 చదరపు మీటర్లకూ, వెడల్పు 2.4 మీటర్లకూ తగ్గకూడదు.

మామూలు కంటైనరు లోపలి కొలత చూడండి. వెడల్పు దాదాపు 2.35 మీటర్లు, ఎత్తు దాదాపు 2.39 మీటర్లు. అంటే వెడల్పూ చాలదు, ఎత్తూ చాలదు. ఎత్తయిన రకం కంటైనరు తెచ్చినా లోపల 2.7 మీటర్లకు మించదు. పైగా ఎండ తగలకుండా లోపలి వైపు దూది పరుపులాంటి పొర వేసి, దాని మీద బోర్డు కొడితే ఇంకా తగ్గుతుంది. రెండు కంటైనర్లు పక్కపక్కన పెట్టి మధ్య గోడ కోస్తే వెడల్పు సమస్య తీరుతుంది. ఎత్తు సమస్య మాత్రం కప్పు పైకి లేపితే తప్ప తీరదు. ఇవన్నీ ఫ్యాక్టరీలో ఉక్కు కోయకముందు ప్లానులో తేలవలసినవి. ఇటుక ఇంట్లో కిటికీ తప్పు పడితే మేస్త్రీ సరిచేస్తాడు. ఫ్యాక్టరీ ఇల్లు లారీ దిగాక సరిచేయడం కష్టం.

అందుకే మామూలు ఇంటి కంటే ఈ ఇంటికే అనుమతి ముందుగా ఉండటం ఎక్కువ అవసరం. ప్లాను పాసైన తరువాతే ఆర్డరు ఇవ్వాలి.

మరో చిన్న సంగతి. ట్రెయిలరు, క్రేను మీ వీధిలోకి వస్తాయా, కరెంటు తీగలు అడ్డమొస్తాయా చూసుకోండి. తీగల సంగతి ముందుగానే విద్యుత్ శాఖవారితో మాట్లాడాలి.

అతుకుల సంగతి

ఫ్యాక్టరీ ఇంటికి ప్రాణం అతుకుల్లో ఉంటుంది. 1968 మే 16న లండన్‌లో రోనన్ పాయింట్ అనే 22 అంతస్తుల భవనంలో 18వ అంతస్తులో గ్యాసు పేలింది. కాంక్రీటు పలకలు గట్టివే గానీ, వాటిని కలిపిన అతుకులు బలహీనం. ఒక పలక ఊడటంతో ఆ మూల అంతా కింది దాకా కూలింది. నలుగురు చనిపోయారు. ఆ తరువాత అక్కడి నిబంధనలే మార్చారు.

మనం కట్టుకునేది ఒక అంతస్తో, రెండంతస్తులో కావచ్చు. అయినా పునాదికి ఉక్కు చట్రాన్ని బిగించే బోల్టులు, గాలికి కప్పు లేవకుండా పట్టే బిగింపులు, వాన నీరు దిగే సందులు – వీటి డ్రాయింగులు విడిగా అడగండి. నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016లో ఆరో భాగం ఏడో విభాగం ప్రీఫ్యాబ్ నిర్మాణాలకు సంబంధించినదే. మీ ఇల్లు దాని ప్రకారం, మన ప్రాంతపు గాలికీ భూకంపానికీ తగినట్టు డిజైన్ చేశారని స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకం పెట్టి ఇవ్వాలి. పునాది మాత్రం ఇక్కడే, మన నేలలోనే వేయాలి. ఒకచోట రాయి, పక్కనే చెరువు మట్టి ఉండే నేల మనది. ఫ్యాక్టరీ వాడు అందరికీ ఒకే పునాది గీసిస్తే ఒప్పుకోకండి.

బ్యాంకు, కరెంటు, వారసులు

"అనుమతి లేకపోతే ఏమవుతుంది? ఎవరు వచ్చి చూస్తారు?" అనేవాళ్ళున్నారు. ఎవరూ రాకపోవచ్చు. మనమే ఒకరోజు వాళ్ళ దగ్గరకు పోవలసి వస్తుంది.

2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు అక్రమ కట్టడాల మీద ఒక తీర్పు ఇచ్చింది. కంప్లీషన్ లేదా ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూసిన తరువాతే కరెంటు, నీళ్ళ కనెక్షన్లు ఇవ్వాలని, బ్యాంకులు కూడా ఆ సర్టిఫికెట్ చూసిన తరువాతే ఆ భవనం పూచీ మీద అప్పు ఇవ్వాలని ఆదేశించింది.

మన వయసు వాళ్ళకు ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. 2007–08 కేంద్ర బడ్జెట్టులో ప్రకటించిన రివర్స్ మార్టిగేజ్ పథకం కింద, 60 ఏళ్ళు దాటినవారు ఉంటున్న ఇంటిని తాకట్టు పెట్టి, బ్యాంకు నుంచి నెలనెలా డబ్బు పొందవచ్చు. నేషనల్ హౌసింగ్ బ్యాంకు మార్గదర్శకాల ప్రకారం ఆ ఇంటికి ఇంకా కనీసం 20 ఏళ్ళ ఆయుష్షు ఉండాలి. స్థలం మీదా ఇంటి మీదా స్పష్టమైన హక్కు ఉండాలి. అనుమతి లేని డబ్బా ఇంటికి, పదేళ్ళ గ్యారంటీ కూడా రాసివ్వని ఇంటికి ఆ సదుపాయం ఎలా దొరుకుతుంది?

ఆ పైన వారసులు. నేలకు శాశ్వతంగా బిగించిన ఇల్లు స్థిరాస్తి. బోల్టులు విప్పి తీసుకుపోయేదని మనమే కాగితం రాసిస్తే అది చరాస్తి. మనం పోయాక పిల్లలు అమ్ముకోబోతే, కొనేవాడు నేల ధరే ఇస్తానంటాడు. రాష్ట్రంలో 2007లో, 2015లో అక్రమ కట్టడాలను జరిమానాతో క్రమబద్ధీకరించే పథకాలు వచ్చిన మాట నిజమే. వాటిని నమ్ముకుని ముందే తప్పు చేయడం, బదిలీ రద్దవుతుందని చార్జి అప్పగించకుండా కూర్చోవడం లాంటిది.

డబ్బు ఎప్పుడు ఇవ్వాలి

మనం సర్వీసులో ఉండగా ఎం-బుక్‌లో కొలతలు రికార్డు కాకుండా కాంట్రాక్టరు బిల్లు పాసు చేసేవాళ్ళమా? సొంత డబ్బు దగ్గరకు వచ్చేసరికి ఆ క్రమశిక్షణ ఎందుకు వదులుకోవాలి? నేను సూచించే వరుస ఇది.

1. స్థలం దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు, ఇ.సి., లేఅవుట్ అనుమతి సరిచూసుకోవాలి.

2. కంపెనీ డ్రాయింగులు తెచ్చి మన ఊరి లైసెన్సు నిపుణుడికి చూపించి, ప్లాను పెట్టించాలి. ఈ దశలో డ్రాయింగుల ఖర్చు తప్ప అడ్వాన్సు ఇవ్వకూడదు.

3. అనుమతి చేతికి వచ్చాక ఒప్పందం రాసుకోవాలి. పన్నుతో కలిపి మొత్తం ధర, పునాది ఎవరు వేయాలి, రవాణా, క్రేను ఖర్చు ఎవరిది, ఉక్కు మందం, కప్పు మందం, గ్యారంటీ ఎన్నేళ్ళు, ఎన్ని రోజుల్లో బిగించాలి – అన్నీ అందులో ఉండాలి.

4. డబ్బు దశలవారీగా ఇవ్వాలి: ఆర్డరుకు కొంత, ఫ్యాక్టరీలో తయారైనది మన ఇంజనీరు చూశాక కొంత, బిగించాక కొంత. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చి, ఒక వాన చూసే దాకా చివరి వాయిదా మన దగ్గరే ఉండాలి.

5. ప్రతి చెల్లింపూ బ్యాంకు ద్వారానే జరగాలి, ప్రతిదానికీ రశీదు ఉండాలి.

ఇంత జాగ్రత్తపడినా తేడా వస్తే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. ఇల్లు కట్టిపెట్టడం కూడా ఆ చట్టం కింద సేవే. కంపెనీ బెంగళూరులో ఉన్నా, హోసూరులో ఉన్నా, మనం నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. మనం చెల్లించిన మొత్తం 50 లక్షల రూపాయల లోపైతే అది జిల్లా కమిషన్ పరిధి. 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. రెండేళ్ళ గడువు మాత్రం మరవకండి.

మిత్రులారా, వయసు మీద పడ్డాక మెట్లు తక్కువగా, చిన్నగా, శుభ్రంగా, త్వరగా తయారయ్యే ఇల్లు కోరుకోవడం న్యాయమే. ఫ్యాక్టరీ ఇల్లు ఆ కోరిక తీర్చగలదు కూడా. ఆ ఇల్లు ఎక్కడైనా తయారు కానీయండి. దాని అనుమతి మాత్రం మన ఊరి ఆఫీసులో, ఆర్డరుకు ముందు పుట్టాలి. ఏజెంటు తొందరపెడితే, ముప్పయ్యేళ్ళు ఫైళ్ళు చూసిన మనం ఒక్క మాట అడగాలి: "ప్లాను పాసు కాగితం ఏదయ్యా?" అని. దానికి జవాబు వచ్చే దాకా చెక్కు పుస్తకం బీరువాలోనే ఉంచండి.

సభ్యులెవరైనా ఇటువంటి ఇల్లు తలపెడితే, ఒప్పందం మీద సంతకం చేసే ముందు కాగితాలు సంఘం కార్యాలయానికి తెస్తే, మనలో ఉన్న విశ్రాంత ఇంజనీర్లం, రెవెన్యూ, రిజిస్ట్రేషన్ శాఖల మిత్రులం కలిసి ఉచితంగా చూసి పెడతాం.